కొండవాలు సేద్యం: ఆండీస్, లదాఖ్, నాగాలాండ్ పద్ధతుల్లో మన ఉదయగిరి, కనిగిరి మెట్టలకు ఏవి నిలుస్తాయి?

#1 · మెట్టచేను, కనిగిరి

కనిగిరి, సీతారామపురం, ఉదయగిరి, వింజమూరు వైపు వెలిగొండల పాదాన ఉన్న ఎర్రగరప చేలన్నిటికీ ఒకటే రోగం. వాలు నూటికి 5 నుంచి 10 దాకా ఉంటుంది. గంటసేపు జడివాన పట్టిందంటే నీళ్ళు ఇంకవు, పైమట్టిని ఈడ్చుకుంటూ వాగులో పడతాయి. వారం తిరిగేసరికి చేను మళ్ళీ బెట్టకొస్తుంది.

ఇంతకంటే నిటారు వాలుల మీద, కొన్నిచోట్ల ఇంతకంటే తక్కువ వానతో, వందల ఏళ్ళుగా పంట తీస్తున్న కొండజాతులు ఉన్నాయి. పెరూ, బొలీవియా, లదాఖ్, గఢ్వాల్, నాగాలాండ్. వాళ్ళ పద్ధతుల గురించి ఇక్కడ ముక్కలు ముక్కలుగా చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఈసారి ఒక వరస పెట్టుకుందాం. ఏ పద్ధతైనా ముందు అది అక్కడ ఎందుకు పనిచేస్తుందో చెప్పండి. ఆ కారణం మన నేలలో, మన వానలో ఉందో లేదో తర్వాత చూద్దాం. ఉదయగిరి దుర్గం ఎత్తు సుమారు 3 వేల అడుగులు. తిటికాకా సరస్సు నీటిమట్టమే 3,800 మీటర్ల పైన ఉంది. కాబట్టి చలికి, మంచుకు సంబంధించిన కారణాలన్నీ ఇక్కడ రాలిపోతాయి. మట్టికి, నీటికి సంబంధించినవి మిగులుతాయి. ఆ మిగిలినవే మనకు కావాలి.

#2 · రాతికట్టు, ఉదయగిరి

మెట్లచేలతో మొదలుపెడతాను. పెరూలో వీటిని ‘ఆందేనెస్’ అంటారు. కోల్కా లోయలోనూ కుస్కో చుట్టుపక్కలా ఇప్పటికీ సాగులో ఉన్నాయి. బయటికి కనిపించేది రాతిగోడ, కానీ అసలు పని గోడ వెనక జరుగుతుంది. అడుగున పెద్దరాళ్ళు, వాటి మీద గులకరాయి, దాని మీద ఇసుక కలిసిన మట్టి, అన్నిటికన్నా పైన సాగుమట్టి. పైన పడిన నీళ్ళు సాగుమట్టిని తడిపి, మిగిలింది రాళ్ళలోకి దిగి, గోడ సందుల్లోంచి కింది మెట్టుకు చెమ్మగా వెళుతుంది. పొర్లి పోవడం ఉండదు. గోడ కొంచెం కొండవైపు ఒరిగి ఉంటుంది. సున్నం, అడుసు ఏదీ ఉండదు.

రెండో లాభం, రాయి పగలు వేడెక్కి రాత్రి ఆ వేడిని వదిలి పైరును మంచు కాటు నుంచి కాయడం. ఇది మనకు అక్కర్లేదు. పైగా రోహిణి కార్తెలో గోడ పక్కన అడుగున్నర మేర నేల ముందే ఎండుతుంది. అక్కడ మిరప నారో కూరగాయో పెట్టకండి. ఆముదమో కందో అయితే తట్టుకుంటుంది.

కట్టే వరస చెబుతాను. ముందు పైమట్టిని జానెడు లోతున తీసి ఒక పక్క కుప్ప పోయాలి. చాలామంది ఇది వదిలేస్తారు. పైమట్టి అడుగున పడి, పనికిరాని గరుసు పైకి వచ్చి, మూడేళ్ళు పంట రాదు. తర్వాత పునాది తవ్వాలి, గట్టి మొరం తగిలేదాకా, కనీసం అడుగు లోతు. పునాది అడుగు కొండవైపు వాలుగా ఉండాలి. మీటరు ఎత్తు గోడకు అడుగున 2 అడుగుల మందం, పైన అడుగు. ముఖం ప్రతి 5 అంగుళాల ఎత్తుకు అంగుళం చొప్పున లోపలికి పోవాలి. ప్రతి రాయీ కింద రెండు రాళ్ళ మీద కూర్చోవాలి, సందు మీద సందు రాకూడదు. గజానికొకటి చొప్పున గోడ మందమంతా పట్టే పొడుగురాయి అడ్డంగా వేయాలి. రాయి పొడుగు గోడ లోపలికి పోవాలి. ముఖం అందంగా కనిపించాలని పొడుగ్గా బయటికి పరిస్తే మొదటి తుఫానుకే పొట్ట వస్తుంది.

సిమెంటు మాత్రం పూయకండి. సందులు మూస్తే నీళ్ళు గోడ వెనక నిలబడి దాని బరువుతోనే గోడను తోసేస్తాయి. మెట్లగోడలు పడిపోవడానికి పెద్ద కారణాల్లో ఇదొకటి.

#3 · నిమ్మతోట, పొదలకూరు

అన్నా, చెప్పింది బాగుండాది. ఎకరాకి రాయి ఎంత పడతాదో లెక్క చెప్పండి. అది తెలీకుండా పునాది తీస్తే మధ్యలో ఆగిపోతాది.

#4 · రాతికట్టు, ఉదయగిరి

ఇదిగో లెక్క. నూటికి 10 వాలు, మీటరు ఎత్తు గోడ అనుకుందాం. ప్రతి 10 మీటర్లకు ఒక గోడ రావాలి. ఎకరం 4,047 చదరపు మీటర్లు గనక సుమారు 405 మీటర్ల గోడ పడుతుంది. సగటు మందం 45 సెంటీమీటర్లు. పునాదితో కలిపి మీటరు పొడుగుకు 0.63 ఘనపు మీటర్ల రాయి. మొత్తం 255 ఘనపు మీటర్లు. 100 ఘనపుటడుగులు పట్టే ట్రాక్టరు ట్రక్కులో 2.8 ఘనపు మీటర్లు వస్తుంది. అంటే ఎకరాకు 90 ట్రక్కులు. వెనక నింపే గులకరాయి దీనికి అదనం.

ఇది ఒక ఇంటి శక్తికి మించిన పని. ఆండీస్‌లో కూడా ఊళ్ళకు ఊళ్ళు కలిసి తరాల తరబడి కట్టారు. నిమ్మతోట గారూ, చెట్టు తోటకు అయితే చేనంతా మెట్లు అక్కర్లేదు. చెట్టుకొకటి చొప్పున వాలుకు దిగువన అర్ధచంద్రాకారంలో రెండు వరసల రాయి పేర్చితే చాలు, చుట్టుకొలత 4 మీటర్లకు మించదు.

రాయి ఎక్కడిదన్నది కూడా చూసుకోవాలి. చేలో ఏరిన రాయి, పట్టా భూమి రాయి వాడండి. రిజర్వు ఫారెస్టు హద్దు లోపలి నుంచి రాయి తేవడం 1967 అటవీ చట్టం కింద నేరం. మన దగ్గర చాలా చేలకు ఫారెస్టు హద్దు గట్టు పక్కనే ఉంటుంది, గమనించండి.

#5 · మెట్టచేను, కనిగిరి

90 ట్రక్కులు చూసి వెనక్కి తగ్గక్కర్లేదు. ఆండీస్‌లోనే ఇంకో దారి ఉంది, నిదానంగా తయారయ్యే మెట్లు. గోడ ఒక్కసారిగా కట్టరు. సమమట్టపు గీత మీద అడుగున్నర ఎత్తున రాతికట్ట వేసి వదిలేస్తారు. ప్రతి వానకూ, ప్రతి దుక్కికీ మట్టి జారి కట్ట వెనక చేరుతుంది. మట్టి కట్ట అంచుకు వచ్చిన ఏడు ఇంకో వరస రాయి పైన పెడతారు. పది, పదిహేనేళ్ళకు దానంతట అదే మెట్టవుతుంది. పైమట్టి తిరగబడదు, ఒక్క పంటా పోదు.

నూటికి 5 వాలుకు: కట్టకూ కట్టకూ 15 మీటర్లు, కట్ట మందం అడుగున 60 సెంటీమీటర్లు, పైన 30, ఎత్తు 45, పునాది జానెడు కంటే తక్కువ. మీటరుకు 0.3 ఘనపు మీటర్ల రాయి చాలు. ఎకరాకు 270 మీటర్లు, 29 ట్రక్కులు. ఏడాదికి రెండు కట్టలు వేసుకుంటూ పోయినా సరే, కానీ పై నుంచి కిందికి రావాలి. కిందిది ముందు వేస్తే పై నీళ్ళన్నీ దాని మీదే పడి తెగుతుంది.

15 మీటర్లు ఎందుకన్నానంటే, 7 అడుగుల ట్రాక్టరు గొర్రుకు అది ఏడు సాళ్ళు. దూరం గొర్రు వెడల్పుకు తగ్గట్టు లేకపోతే అంచున గొర్రు పట్టని చీలిక మిగులుతుంది, డ్రైవరు కట్ట మీదకు చక్రం ఎక్కిస్తాడు.

మట్టపు గీత కంటితో వేయకండి. 7 అడుగుల వెదురు కర్రలు రెండు పైన కలిపి కట్టండి, నడుముకు అడ్డకర్ర కట్టండి, పై ముడి నుంచి దారానికి గుండు వేలాడదీయండి. రెండు కాళ్ళూ రెండు మేకుల మీద పెట్టి దారం అడ్డకర్రను ఎక్కడ తాకిందో గీయండి. కాళ్ళు తారుమారు చేసి మళ్ళీ గీయండి. రెండు గీతల నడిమి గుర్తే సమమట్టం. ఇక ఒక కాలు కదలకుండా ఉంచి రెండోదాన్ని దారం నడిమి గుర్తుకు వచ్చేదాకా పైకీ కిందికీ జరుపుతూ మేకులు కొట్టుకుంటూ పోవడమే. గాలి ఉన్న పూట దారం ఆడుతుంది, పొద్దున్నే చేయండి. చివర మేకుల వరసను కొంచెం నునుపుగా సర్దుకోవచ్చు, కానీ జానెడుకు మించి జరపకూడదు.

కట్ట తల ఎక్కడైనా 4 అంగుళాలు తక్కువైందంటే వాననీరంతా అక్కడికే పరుగెత్తి గండి పెడుతుంది. తల మట్టంగా ఉండడం కట్ట బలంగా ఉండడం కన్నా ముఖ్యం.

#6 · వాగుఊట, వింజమూరు

నేల మీది నీళ్ళ సంగతి అయింది, లోపలి నీళ్ళ సంగతి చెబుతాను. లిమా నగరానికి ఎగువన వామాన్‌తాంగా అనే ఊళ్ళో వానాకాలంలో వాగునీళ్ళను అడ్డకట్టతో మళ్ళించి, సందులున్న రాతికాలువల్లో కొండవాలు వెంట తీసుకుపోయి, గుల్లగా ఉన్న నేలలో ఇంకనిస్తారు. వీటిని ‘అమూనాలు’ అంటారు. సుమారు 1400 ఏళ్ళ కిందట, ఇంకాల కన్నా ముందు అక్కడున్న ‘వారీ’ అనే జనం కాలం నాటి పద్ధతి. ఆ నీళ్ళు కొండ లోపలే నడిచి దిగువ ఊటల్లో తేలతాయి. 2019లో అచ్చయిన పరిశోధనలో రంగు కలిపి చూశారు. రెండు వారాల నుంచి ఎనిమిది నెలల దాకా పట్టింది, సగటు 45 రోజులు. అంటే వానాకాలపు నీళ్ళు ఎండాకాలానికి వాయిదా పడుతున్నాయన్నమాట.

ఈ కారణం మనకూ ఉంది. మన వానలో చాలా భాగం కొద్ది తుఫానుల్లోనే పడి వాగులో పోతుంది. వెలిగొండ పాదాన పగుళ్ళున్న రాయి, పలకరాయి చాలా చోట్ల ఉంది. కొండపాదం వెంట 2 అడుగుల వెడల్పు, అడుగున్నర లోతు కాలువ. నీళ్ళు పరుగెత్తకూడదు, ప్రతి 100 అడుగులకు 3, 4 అంగుళాల వాలు చాలు. అడుగున రాళ్ళు పరవాలి.

రెండు తప్పులు జరుగుతాయి. ఒకటి, ఒండ్రు. వాగునీళ్ళు నేరుగా వదిలితే రెండేళ్ళలో సందులు మూసుకుపోతాయి. కాలువ మొదట 5 అడుగుల చదరం, 3 అడుగుల లోతు గుంట ఉండాలి. ఒండ్రు అక్కడ దిగాలి, తేరిన నీళ్ళే ముందుకు పోవాలి. మన పెద్దవాన ఈశాన్యంతో వస్తుంది కాబట్టి హస్త కార్తెకు ముందే గుంట తోడాలి. తోడిన ఒండ్రు చేనుకు మంచి ఎరువు.

రెండు, అడుగున పరుపుబండ. నీళ్ళు లోపలికి పోకుండా యాభై గజాల దిగువన బురదగా తేలి చేను చెడుతుంది. ముందే పరీక్ష చేయండి. అడుగు చదరం, 2 అడుగుల లోతు గుంట తీసి నింపి, ఇంకాక మళ్ళీ నింపి, రెండోసారి ఎంత దిగిందో చూడండి. గంటకు అంగుళం కూడా దిగకపోతే ఆ చోటు వదిలేయండి. మొదటిసారి దిగింది లెక్క కాదు, పొడిమట్టి ఎంతైనా తాగుతుంది.

#7 · కలుజు, ఆత్మకూరు

లదాఖ్ పద్ధతి దీనికి దగ్గరే గానీ కొలత చిన్నది. అక్కడ కరిగిన మంచునీళ్ళు సాయంత్రానికి వస్తాయి, రాత్రి తడి పెట్టేవాళ్ళు ఉండరు. అందుకని ఆ నీళ్ళను ‘జింగ్’ అనే చిన్న కుంటలో రాత్రంతా నిలిపి పొద్దున తూము తీస్తారు. సన్నటి ధార రోజంతా పారితే కాలువలోనే ఇంకిపోతుంది. అదే నీళ్ళు నిలిపి ఒక్కసారి వదిలితే చివరి మడిదాకా పోతుంది. మన కొండపాదపు ఊటలకు, అర అంగుళం పోసే బోర్లకు ఇదే సూత్రం. రాత్రంతా తొట్టిలో పోయించి పొద్దున వదలండి.

నాకు ఎక్కువ నచ్చింది కుంట కన్నా దాని వెనక మనిషి. ‘చుర్‌పోన్’ అని ఊరు ఎన్నుకునే నీళ్ళ పెద్ద. ఏ మడికి ఎప్పుడు, ఎంతసేపు అన్నది అతని మాట. చాలా ఊళ్ళలో ఆ పని ఇళ్ళ వరసన తిరుగుతుంది. మన చెరువుల కింద నీరుగంటి, కొన్ని ఊళ్ళలో నీరుకట్టు, చేసింది ఇదే పని, కళ్ళంలో ధాన్యం కొలిచి ఇచ్చేవాళ్ళు. 1997 చట్టంతో నీటి సంఘాలు వచ్చాయి, తీర్మానాలు వచ్చాయి. కానీ రాత్రి లాంతరు పట్టుకుని తూము దగ్గర నిలబడే మనిషికి జీతం ఎవరిస్తారన్నది చాలా చోట్ల ఎవరూ రాసుకోలేదు. కొండకాలువ తవ్వాలనుకునే ఊరు ముందు ఆ మనిషిని, అతని కూలిని తేల్చుకోవాలి. లేకపోతే వాగుఊట గారు చెప్పిన ఒండ్రు గుంట తోడేవాడు ఉండడు.

మంచు మీద మట్టి చల్లి తొందరగా కరిగించడం లాంటివి జాన్‌స్కార్ వైపు చేస్తారు. నల్లటి మట్టి ఎండను పట్టుకుంటుంది గనక. మనకు పనిలేదు.

#8 · చౌడునేల, కొత్తపట్నం

నాది వాలు కాదు, పల్లం. తిటికాకా ఒడ్డున ఎత్తు మడులు, మధ్య కాలువలు ఉంటాయని విన్నాను, ‘వారు వారు’ అంటారట. సముద్రపు పక్క చౌడుకు అవి పనికొస్తాయా?

#9 · రాతికట్టు, ఉదయగిరి

అక్కడ ఎందుకు పనిచేస్తాయో చెబుతాను. మడి 4 నుంచి 10 మీటర్ల వెడల్పు, మీటరు దాకా ఎత్తు. పక్కనే ఇంచుమించు అంతే వెడల్పు కాలువ. కాలువ నీళ్ళు పగలు ఎండ వేడిని దాచుకుని రాత్రి వదులుతాయి, చుట్టూ గాలి మంచు కట్టే స్థితికి దిగదు. ఏటా కాలువ అడుగు బురద ఎత్తి మడి మీద పోస్తే అదే ఎరువు. వరదొస్తే వేర్లు మునగవు, ఎండొస్తే కాలువలో చెమ్మ ఉంటుంది. పురావస్తు శాస్త్రవేత్త క్లార్క్ ఎరిక్సన్ 1980ల్లో పెరూలోని వాట్టా దగ్గర ఊరివాళ్ళతో పాత మడులను మళ్ళీ లేపించాడు. బంగాళాదుంప హెక్టారుకు 8 నుంచి 14 టన్నులు వచ్చింది, ఆ ప్రాంతంలో మామూలు దిగుబడి 1 నుంచి 4. అయినా సాయం ఆగాక చాలా మడులు మళ్ళీ పడావు పడ్డాయి. మడి ఎత్తడానికీ ఏటా బురద తీయడానికీ పట్టే చాకిరీ ఒక ఇంటివల్ల కాదు. లాభమున్న పద్ధతి కూడా మనుషులు చాలకపోతే నిలవదని ఇది చూపిస్తుంది.

మీ చౌడుకు వస్తే ప్రమాదం ఉంది. కాలువలో ఉప్పునీరుంటే అది మట్టిలోంచి పైకి పాకుతుంది, ఎండకు నీరు పోయి ఉప్పు మడి తల మీద మిగులుతుంది. నడి మడి తెల్లగా పేరుకుంటుంది. ఈశాన్యపు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆ ఉప్పును కాలువలోకి కడుగుతుంది. కానీ ఆ కాలువ మురుగు కాలువలోకి పారి బయటికి పోవాలి. మూసి ఉంచితే ఉప్పు తిరిగి అక్కడికే. కాబట్టి దారి ఉన్న చోటే చేయండి. మొక్క నడి మడిలో కాక భుజం మీద పెట్టండి. సంక్రాంతి దాటాక మడి మీద గడ్డో ఆకో కప్పి ఉంచండి. తవ్వేటప్పుడు పైమట్టి వేరుగా తీయండి, అడుగుమట్టి పైకి వస్తే ఉప్పును చేతులారా పైకి తెచ్చినట్టే.

#10 · నవధాన్యం, పొదిలి

ఉత్తరాఖండ్‌లోని గఢ్వాల్ వైపు వేసే ‘బారహ్‌నాజా’ కలగలుపు పంట గురించి. పేరుకు అర్థం పన్నెండు గింజలు. రాగి, తోటకూర గింజ, రాజ్మా, ఉలవ, నల్లసోయా, అలసంద, మినుము, పెసర, నువ్వు ఇలా ఊరిని బట్టి పన్నెండు కన్నా ఎక్కువే ఉంటాయి. తెహ్రీ జిల్లాలో విజయ్ జర్ధారీ వాళ్ళ బీజ్ బచావో ఆందోళన్ 1980ల నుంచి ఈ గింజలను కాపాడుకొస్తోంది. ఒకటి పైకి, ఒకటి పక్కకు, ఒకటి పాకుతూ పెరుగుతుంది. తోటకూర కాడే రాజ్మా తీగకు పందిరి. నేల ఖాళీగా ఉండదు గనక వాలు మీద మట్టి జారదు. ఏది పోయినా ఏదో ఒకటి చేతికొస్తుంది.

మన మెట్టల్లో కలగలుపు పంట కొత్తేం కాదు. అయితే అక్కడ చేత్తో చల్లి, చేత్తో కలుపు తీసి, ఏది పండితే అది చేత్తో కోస్తారు. కూలి దొరకని చోట పన్నెండూ కలిపి చల్లితే కోత రోజున చేతులెత్తేయాలి. మనం సాళ్ళలో పెట్టుకోవాలి. కొర్ర ఐదు సాళ్ళకు కంది ఒక సాలు. ఎకరాకు కొర్ర 2 కిలోలు, కంది కిలో నుంచి కిలోన్నర. కట్టల అంచున ఆముదం, గోంగూర. వాలుకు దిగువ అంచున మూడు సాళ్ళు దగ్గరదగ్గరగా అలసంద, జారిన మట్టిని అది పట్టుకుంటుంది. కొర్ర మూడు నెలల్లో పోతుంది, కంది జనవరి దాకా నిలబడి తుఫాను నీళ్ళను వాడుకుంటుంది.

విత్తేటప్పుడు చెడేది ఇక్కడ. గింజలన్నీ కలిపి జడ్డిగంలో (గొర్రు మీది గింజల గిన్నెలో) పోస్తే సన్నగింజ అడుగుకు, లావుగింజ పైకి చేరుతుంది. చేను ఒక కొసన కొర్ర ఒత్తుగా, ఇంకో కొసన కంది గుంపుగా మొలుస్తుంది. కొర్రను మూడింతల సన్న ఇసుకతో కలిపి జడ్డిగంలో పోయండి. కందిని గొర్రు వెనక కట్టే అక్కిడిలో వేరుగా వదలండి. లోతు కూడా వేరు. కొర్ర అంగుళం దాటితే మొలవదు, కంది రెండంగుళాలు పోవాలి. ఇసుక తడిగా ఉంటే రంధ్రంలో పూడుకుపోయి పది గజాలు ఖాళీ పోతుంది. ముందురోజే ఎండబెట్టుకోండి.

#11 · జీవాలమంద, కొండాపురం

నాగాలాండ్‌లో ఫెక్ జిల్లా కిక్రుమా ఊరి ‘జాబో’ పద్ధతి ఎవరూ ఎత్తలేదు. మన పక్కకు ఇదే అన్నిటికన్నా బాగా కుదురుతాది. కొండ తలన అడవి, దాన్ని నరకరు. దాని కింద వాననీళ్ళ కుంట, అడుగు గట్టిగా దిమ్మిస చేసి ఉంటాది. కుంట కింద పశువుల దొడ్డి. దొడ్డి కింద వరి మడులు. కుంటలో వదిలిన నీళ్ళు దొడ్డిలో దూరి పేడ, మూత్రం కడుక్కుని మడిలోకి పోతాయి. ఎరువు మోసే పని లేదు.

మన దగ్గర గొర్రెల మంద పెట్టించే ఆనవాయితీ ఉండనే ఉండాది. పల్ల, జోడిపి, దొర ఏవైనా ఒక్కో జీవం రాత్రికి సుమారు అరకిలో పెంట వేస్తాది. 500 జీవాలు ఆరు రాత్రులు పడుకుంటే ఎకరాకు టన్నున్నర. వాలుచేలో మందను పై భాగంలో పెట్టించండి. కింద పెడితే పైన ఎప్పటికీ సత్తువ రాదు. తెల్లారి మంద లేవగానే గుంటక తోలాలి. మధ్యాహ్నం దాకా వదిలితే మూత్రంలో బలం ఘాటుగా గాలిలో కలిసిపోతాది.

జాగ్రత్త ఒకటే. ఎండాకాలం సర్కారు తుమ్మ కాయ తిన్న మందను చేలో పెట్టకండి. కాయ గుజ్జు అరిగినా గింజ అరగదు, పెంటతో చేనంతా పడి మొలుస్తాది. మందను నాలుగైదు రోజులు బీడులో తిప్పి, కాయ దొరకని మేత మేపి, ఆ తర్వాత తోలించుకోండి.

#12 · పొగాకుబ్యారన్, కందుకూరు

ఆండీస్‌లో ఊరంతా కలిసి భూమిని పడావు వేసే కట్టుబాటు ఉంది. కొండను భాగాలు చేసి, ఒక భాగంలో అందరూ బంగాళాదుంప, మరుసటేడు ఓకా లాంటి దుంపలు, తర్వాత బార్లీ, ఆ పైన ఏళ్ళ తరబడి బీడు. ఆ బీడులో గొర్రెలు, లామాలు. దుంప వేళ్ళను తినే సూక్ష్మపురుగు మేత లేక తగ్గిపోతుంది. మన పొగాకు, మిరప చేలల్లో వేరుబుడిపె పురుగుకు ఇలా బీడు వేస్తే తగ్గుతుందా?

#13 · మెట్టచేను, కనిగిరి

బీడు ఒక్కటే చాలదు, కారణం ఇదీ. అక్కడి పురుగు దాదాపు బంగాళాదుంప కుటుంబాన్నే పట్టుకుని ఉంటుంది. వేరుబుడిపె పురుగుకు అలాంటి నియమం లేదు, కలుపు మొక్కల వేళ్ళలో కూడా బతుకుతుంది. కలుపు మొలిచిన బీడు దానికి సత్రం. మనకున్న బలం ఎండ. ఏప్రిల్, మే నెలల్లో పదిహేను రోజులకొకసారి లోతుగా రెండు మూడు దుక్కులు దున్ని పొడిగా వదిలితే వేళ్ళూ, వాటిలోని గుడ్లూ ఎండుతాయి. పంట అయిన వెంటనే మోళ్ళు పీకి తగలబెట్టాలి. చాలామంది పిలక పొగాకు కోసం మోళ్ళు వదులుతారు, పురుగును పెంచేది అదే. నారుమడి స్థలం ఏటా మార్చండి. చేలో కన్నా నారుమడిలో అంటుకున్నదే ఎక్కువ నష్టం చేస్తుంది.

అక్కడిదాంట్లో మనకు పనికొచ్చేది ‘అందరూ కలిసి’ అన్న ముక్క. ఒకరు మోళ్ళు పీకి పక్కవాళ్ళు వదిలేస్తే వాననీళ్ళతో పురుగు మళ్ళీ గట్టు దాటుతుంది.

#14 · కార్తెలెక్క, మార్కాపురం

పద్ధతి కాదు గానీ ఒక మాట కలపాలని. ఆండీస్ రైతులు జూన్ 24 నాటి సాన్ హువాన్ పండగ రోజుల్లో తెల్లవారుజామున కృత్తికలను చూస్తారు. మసగ్గా కనిపిస్తే ఆ ఏడు వాన ఆలస్యమని దుంప నాటడం వాయిదా వేస్తారు. 2000 సంవత్సరంలో నేచర్ పత్రికలో దీని కారణం రాశారు. ఎల్‌నినో ఏడుల్లో పైగాలిలో పల్చటి మేఘపు పొర పెరుగుతుంది, అందుకే చుక్కలు మసకబారతాయి. ఆ ఏడు అక్కడ వాన తగ్గుతుంది. కంటికి కనపడని మేఘాన్ని చుక్కలతో కొలిచారు.

మన కృత్తిక కార్తె మే 11 ప్రాంతంలో వస్తుంది. అప్పుడు సూర్యుడు ఆ చుక్కల దగ్గరే ఉంటాడు కాబట్టి అవి కనపడవు, మృగశిర కార్తెలో తెల్లవారుజామున మళ్ళీ తేలతాయి. ఆ గుర్తును ఇక్కడికి తెచ్చుకోకండి. ఎల్‌నినో ఏట మనకు నైరుతి వాన తగ్గే అవకాశం ఎక్కువ, ఈశాన్యపు వాన మాత్రం చాలాసార్లు పెరుగుతుంది. ఒకే గుర్తుకు జూలైలో ఒక అర్థం, నవంబరులో ఇంకో అర్థం. అలాంటి ఏట నవధాన్యం గారు చెప్పిన కంది వాటా పెంచుకుని, కొర్ర తగ్గించుకుంటే నవంబరు తడి అక్కరకొస్తుంది.

#15 · నిమ్మతోట, పొదలకూరు

రాతికట్టు అన్నా, పాత కట్టకు ఒకచోట పొట్ట వచ్చి ఉంటే ఆ ముక్క బయటినుంచి రాళ్ళు ఆనించి నిలబెట్టొచ్చా, మొత్తం విప్పాల్నా?

#16 · రాతికట్టు, ఉదయగిరి

ఆనించితే ఆ రాళ్ళు కూడా పోతాయి. పొట్టకు అటూ ఇటూ గజం కలిపి, నిలువునా కాక మెట్లుమెట్లుగా విప్పండి, అప్పుడు మంచి గోడ జారదు. విప్పగానే వెనక చూడండి. తడి బురద ఉంటే గులకరాయి పొర మట్టితో మూసుకుపోయినట్టు, దాన్ని తీసి కొత్త రాయి నింపాలి. పొడిగా ఉండి బొరియ కనిపిస్తే ఎలుకలు, పందికొక్కులు. బొరియ కొసదాకా తవ్వి గులకతో దిమ్మిస చేయండి, ఒట్టి మట్టి పోస్తే మళ్ళీ తవ్వుతాయి. వేరు కనిపిస్తే తుమ్మో వేపో పక్కనే ఉంటుంది, దాన్ని వేరుతో సహా తీయకుండా గోడ ముట్టుకోకండి. ఈ పని మేలో చేయండి. వాన పడ్డాక విప్పితే వెనక మట్టి కూడా జారి వస్తుంది.

తిరిగి పేర్చాక మేకల దారి గోడ మీదుగా లేకుండా ఒక చోట మూడు మెట్లు వదలండి. అవి ఎక్కే చోటే పైరాళ్ళు కదులుతాయి.